ఎర్రటి గుంపు కనిపిస్తే... గాలం ఆపండి!

చెరువు కట్ట మీద కూర్చున్నారు. నీళ్లు కదలడం లేదు. తామరాకుల పక్కన ఓచోట మాత్రం చినుకులు పడుతున్నట్టు చిన్నచిన్న బుడగలు. తేరిపార చూస్తే... ఎర్రటి చేపపిల్లలు వందలకొద్దీ ఒకే గుంపుగా పైకొచ్చి, గాలి పీల్చుకుని మునుగుతున్నాయి. గాలం వేసేవాళ్లకి అది కనిపిస్తే పండగే. ఆ గుంపు కిందే పెద్ద కొర్రమీను కాపలా కాస్తుంటుంది మరి!

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర 2016లో మండల కేంద్రమైంది. అంతకుముందు వరంగల్ జిల్లాలోది. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప లాంటి చెరువులు వెలసిన ప్రాంతమిది. ఇక్కడివాళ్లకి చెరువంటే పొలానికి నీళ్లే కాదు, కూరకి చేప కూడా. గాలం సరదా అయితే అంతకన్నా పాతది. కాకతీయులు ఒకప్పుడు కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ వంశపు రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన 'మానసోల్లాసం'లో చేపల వేటకు ఏకంగా ఓ అధ్యాయమే ఉంది. రాజుగారి వినోదాల్లో అదీ ఒకటన్నమాట!

అమెరికాలో ఈ సరదాలో 'ఫ్లై ఫిషింగ్' అనే పద్ధతి ఒకటుంది. ఈకలు, దారాలు కొక్కేనికి చుట్టి పురుగులా తయారుచేస్తారు. దూదిలా తేలికైన ఆ పురుగు దూరం వెళ్లదు కాబట్టి, బరువైన తాడుని కొరడాలా ఝళిపించి విసురుతారు. అక్కడ చెరువుల్లో దొరికే 'బాస్' చేపకీ మన కొర్రమీనుకీ పోలికలు చాలానే. రెండూ నాచులో నక్కి, ఒక్కసారిగా దూకేవే. రెండూ పిల్లల్ని కాచుకునేవే. మనవాళ్లు దీనికి వేసే ఎర కప్ప. ఇప్పుడు రబ్బరు కప్పలూ వచ్చేశాయి.

చిక్కు ఇక్కడే ఉంది. వానలు పడగానే కొర్రమీను జంట నాచుని పక్కకు నెట్టి, మధ్యలో గుడ్లు పెడుతుంది. అవి నీటిపైనే తేలతాయి. పిల్లలయ్యాక కూడా పెద్దచేపలు కొన్ని వారాలు వాటిని వదలవు. దగ్గరికేదొచ్చినా మీద పడతాయి. పిల్లల గుంపు మధ్యలోకి కప్పని విసిరితే పట్టుకునేది ఆకలితో కాదు, పిల్లల్ని తింటుందేమోనన్న భయంతో. కాపలా పోయిన పిల్లలు మిగతా చేపలకు ఫలహారమే. కూరలోకి వచ్చింది ఒక్క చేపే కానీ, చెరువులో తగ్గింది వందలు! పట్టి వదిలేస్తే సరిపోతుందిగా అంటారా? కొక్కెం తీసి, ఫొటో దిగేలోపే కొన్ని పిల్లలు పోతాయి. అందుకే కెనడాలోని అంటారియోలో చాలాచోట్ల బాస్ గుడ్లుపెట్టే రోజుల్లో దానిమీద గాలం వేయనివ్వరు.

మనకేమో సరిగ్గా జూన్ మొదట్లోనే మృగశిర కార్తె. ఆరోజు చేప తినాల్సిందే! నాంపల్లిలో ఆస్తమాకని ఇచ్చే చేపమందులో మింగించేదీ కొర్రమీను పిల్లనే. పైగా ఇది తెలంగాణ రాష్ట్ర చేప. కిలో ధర అడిగితే మిగతా చేపలన్నీ చవకనిపిస్తాయి.

కాబట్టి, చెరువు చూసుకునే మత్స్య సహకార సంఘాన్ని అడిగే గాలం వేయండి. ఎర్రటి గుంపు కనిపిస్తే పక్కకు జరగండి. ఊరికే కూర్చోలేమంటే జిలేబి చేపలున్నాయి. 1952లో మనదేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. వానపాము గుచ్చి వేస్తే చాలు... సాయంత్రానికి పులుసుకి సరిపడా పడతాయి.