బల్లపై ల్యూక్ట్రా యుద్ధం

చదరంగం భారతదేశంలో పుట్టిన ఆట. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు సేనాంగాలను ఒక పలకపైకి తెచ్చింది కనుకనే ప్రాచీనులు దానిని 'చతురంగం' అన్నారు. అయితే చదరంగంలో ఇరుపక్షాల బలం సమానం. గడులన్నీ ఒకే తీరున ఉంటాయి. భయపడి పారిపోయే బంటు అందులో ఉండదు. ఆజ్ఞ అందక నిలిచిపోయే గుర్రం ఉండదు. నిజమైన రణరంగంలో వీటికి భిన్నమైన స్థితి కనిపిస్తుంది. బలాబలాలు, నేల తీరు, సైనికుల మనోధైర్యం, అదృష్టం అనే వీటన్నింటినీ లెక్కలోకి తీసుకొని, చరిత్రలో జరిగిన యుద్ధాన్ని బల్లపై మరల నడిపి చూసే ఆటలు ఐరోపాలో రూపొందాయి. వాటినే యుద్ధక్రీడలు అంటారు.

వీటి పుట్టుక వినోదం కోసం కాదు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ సేనానాయకుల శిక్షణ కోసం పటాలపై ఆడే యుద్ధక్రీడకు నియమావళి ప్రచురించాడు. 1913లో ప్రసిద్ధ ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు రచించి, 'లిటిల్ వార్స్' పేరుతో వెలువరించాడు. లండన్ కింగ్స్ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసిన ఫిలిప్ సేబిన్ 2007లో వెలువడిన 'లాస్ట్ బ్యాటిల్స్' అనే గ్రంథంలో, ప్రాచీన యుద్ధాలను గురించిన సందేహాలను పరిశీలించడానికి ఈ క్రీడను ఒక సాధనంగా ఉపయోగించాడు. శిక్షణగా మొదలై వినోదంగా మారిన క్రీడ ఈ విధంగా చరిత్ర పరిశోధనకూ తోడ్పడింది. అది ఏ విధంగా తోడ్పడుతుందో తెలుసుకోవడానికి క్రీ.పూ. 371లో గ్రీసు దేశంలో జరిగిన ల్యూక్ట్రా యుద్ధం చక్కని ఉదాహరణ.

ఆనాటి గ్రీసులో స్పార్టా నగరానిదే పైచేయి. క్రీ.పూ. 382లో స్పార్టా సైన్యం థీబ్స్ నగర దుర్గాన్ని ఆక్రమించింది. మూడేళ్ల తరువాత థీబ్స్ పౌరులు తిరుగుబాటు చేసి ఆ దుర్గాన్ని విడిపించుకొన్నారు. క్రీ.పూ. 371లో జరిగిన శాంతి సభలో థీబ్స్ తాను ఒక్క నగరం తరఫున గాక, బోయోషియా ప్రాంతమంతటి తరఫున ప్రమాణం చేస్తానని పట్టుపట్టింది. స్పార్టా అందుకు అంగీకరించలేదు. స్పార్టా రాజు క్లియోంబ్రోటస్ సేనతో బోయోషియాలో ప్రవేశించి ల్యూక్ట్రా గ్రామం వద్ద విడిది చేశాడు. ప్రాచీన రచయితలు తెలిపిన సంఖ్యల ప్రకారం స్పార్టా పక్షాన సుమారు 10,000 మంది పదాతులు, 1,000 మంది ఆశ్వికులు ఉన్నారు. థీబ్స్ పక్షాన ఉన్నవారు సుమారు 6,000 మంది మాత్రమే.

ఆనాటి గ్రీకు పదాతిని 'హాప్లైట్' అంటారు. అతడి ఎడమచేతికి సుమారు మూడడుగుల వ్యాసం గల గుండ్రని డాలు, కుడిచేతిలో ఏడెనిమిది అడుగుల ఈటె ఉంటాయి. ఆ డాలు అతడి ఎడమవైపును కాపాడుతూ, ఎడమ పక్కన నిలిచిన వాని కుడివైపును కూడా కొంత కప్పుతుంది. అంటే ఒకని ప్రాణం పొరుగువాని చేతిలో ఉంటుంది. అందుచేత హాప్లైట్లు డాలుకు డాలు చేర్చి, వరుస వెనుక వరుసగా నిలిచేవారు. ఈ వ్యూహమే 'ఫాలాంక్స్'. ప్రతి ఒక్కడూ కుడి పక్కవాని డాలు చాటుకు జరగాలని చూడటం వల్ల సైన్యమంతా నడకలో కుడివైపునకు ఒరిగిపోయేదని చరిత్రకారుడు థూసిడైడిస్ వివరించాడు. కుడి పార్శ్వం గౌరవస్థానం. మేటి వీరులు అక్కడే నిలిచేవారు. కనుక సాధారణంగా ఒక పక్షపు మేటి వీరులకు ఎదురుగా రెండవ పక్షంలోని బలహీనులు ఉండేవారు.

థీబ్స్ సేనాని ఎపమినోండస్ ఈ సంప్రదాయాన్ని తలకిందులు చేశాడు. తన మేటి బలాన్ని ఎడమ పార్శ్వాన, స్పార్టా రాజుకు ఎదురుగా నిలిపాడు. స్పార్టా వారు 12 వరుసల లోతున నిలువగా, థీబ్స్ వారు 50 వరుసలకు తక్కువ కాకుండా నిలిచారని సమకాలికుడైన జెనోఫన్ వ్రాశాడు. బలహీనమైన కుడి పార్శ్వాన్ని మాత్రం శత్రువుకు దూరంగా, వెనుకపట్టున ఉంచారు. చదువరికి ఇది చక్కని ఉపాయంగా తోచి, అంతటితో విషయం ముగిసినట్లనిపిస్తుంది. ఆ ఉపాయానికి చెల్లించవలసిన మూల్యం ఎంతో బల్లపై బొమ్మలను పేర్చినపుడే తెలుస్తుంది.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల ఈ ఆటకు సరిపోతుంది. లోహపు బొమ్మలు లేనిచోట అట్టముక్కలైనా చాలు. ఒక్కొక్క బొమ్మ 50 మంది సైనికులకు గుర్తు; అంటే వెడల్పున నలుగురు, లోతున సుమారు పన్నెండుగురు. స్పార్టా పదాతులకు 200 బొమ్మలు, థీబ్స్ సేనకు 120 బొమ్మలు అవసరమవుతాయి. థీబ్స్ ఎడమ పార్శ్వంలో 4,000 మంది ఉన్నారని భావిస్తే వారికి 80 బొమ్మలు. వాటిని ఒకే వరుసలో పేర్చితే 320 మంది వెడల్పు గల పంక్తి ఏర్పడుతుంది. ఎపమినోండస్ వలె నాలుగు వరుసలుగా పేర్చితే 20 బొమ్మలే ముందు నిలుస్తాయి. ముఖభాగం 80 మందికి కుదించుకుపోతుంది. అప్పుడు ఎదుట ఉన్న స్పార్టా పంక్తి ఇరువైపులా చాలా దూరం చాచుకొని కనిపిస్తుంది. అది చుట్టివస్తే లోతైన ఆ దళానికి పక్కనుండి దెబ్బ తగులుతుంది. లోతు కావాలంటే వెడల్పును వదులుకోవాలి. ఎపమినోండస్ ఎంతటి సాహసానికి పూనుకొన్నాడో ఆ 20 బొమ్మలను చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆట వంతులవారీగా సాగుతుంది. ఒక్కొక్క దళం ఎంత దూరం కదలాలో కొలబద్దతో కొలుస్తారు. దళాలు తలపడినపుడు వాటి నైపుణ్యానికి, వెనుక వరుసల బలానికి తగిన అంకెలు వేసి, వాటికి పాచికలో పడిన సంఖ్యను కలుపుతారు. ఎవరి మొత్తం తక్కువైతే వారు వెనుకంజ వేస్తారు. ఇక్కడి పాచిక జూదానికి గుర్తు కాదు. వినబడని ఆజ్ఞ, జారిన కాలు, కళ్లలో పడిన దుమ్ము వంటి, ఏ చరిత్రకారుడూ నమోదు చేయలేని వాటికి అది ప్రతినిధి.

మొదట అశ్వదళాలు తలపడతాయి. యుద్ధాలలో ఆరితేరిన థీబ్స్ ఆశ్వికులకు ఎక్కువ అంకె, శిక్షణ లేని స్పార్టా ఆశ్వికులకు తక్కువ అంకె ఇవ్వాలి. ఓడిన ఆశ్వికులు వెనుకకు పరుగెత్తి తమ పదాతి వరుసలలోనే పడి కలవరం పుట్టించారని జెనోఫన్ చెప్పాడు. కనుక అట్టి నియమం కూడా ఉండాలి. ఆ కలవరం తీరకముందే థీబ్స్ దళం తాకాలి. స్పార్టా ఆటగాడు తన పంక్తిని చాచి చుట్టుముట్టడానికి రెండు వంతులు పడితే, అంతలోగా థీబ్స్ ఆటగాడు రాజు నిలిచిన చోటును ఛేదించాలి. 'పవిత్ర దళం' అనబడే 300 మంది వీరులతో పెలోపిడస్ పరుగున వెళ్లి, స్పార్టా వారు వ్యూహం మార్చుకొంటుండగానే వారిని తాకాడని ప్లూటార్క్ వ్రాశాడు. బల్లపై ఆ దళం ఆరు బొమ్మలు మాత్రమే. కాని అవి ఒక్క వంతు ఆలస్యమైతే ఆట ఫలితమే మారిపోవచ్చు.

ఒకే యుద్ధాన్ని పదిసార్లు ఆడితే పదిసార్లూ థీబ్స్ గెలవకపోవచ్చు. అది ఆటలోని లోపం కాదు. జరిగిపోయినది తప్పక జరగవలసినదేనని భావించడం చరిత్ర చదివేవారిలో సహజంగా ఉండే పొరపాటు. స్పార్టా ప్రతిసారీ ఓడితే, అంతటి అనుభవజ్ఞులు యుద్ధానికి ఎందుకు సిద్ధపడ్డారన్న ప్రశ్న మిగులుతుంది. ప్రతిసారీ గెలిస్తే నియమాలలోనే తప్పు ఉన్నదని గ్రహించాలి. పైగా ఆధారాలు కూడా ఏకాభిప్రాయంతో లేవు. జెనోఫన్ తన యుద్ధవర్ణనలో ఎపమినోండస్ పేరునే ఎత్తలేదు. డయొడోరస్, ప్లూటార్క్ అతడిని కీర్తించారు. కాని వారు కొన్ని శతాబ్దాల తరువాతి వారు. ఎవరి మాట ఎంత నమ్మాలో నియమాలు వ్రాసేవాడు ముందుగా నిర్ణయించుకోక తప్పదు. సందేహాన్ని అస్పష్టమైన మాటలతో దాటవేయడానికి ఆటలో వీలులేదు.

అయినా బల్లపైకి రానిది ఒకటున్నది. ఆనాటి పోరులో రాజు క్లియోంబ్రోటస్ మరణించాడు. స్పార్టా పక్షాన సుమారు 1,000 మంది నేలకొరిగారు. అక్కడ ఉన్న 700 మంది స్పార్టా పూర్ణ పౌరులలో 400 మంది వారిలో ఉన్నారు. ఆటలో అవి ఎనిమిది బొమ్మలు. ఆట ముగిశాక తిరిగి పెట్టెలో చేరతాయి. స్పార్టాకు మాత్రం ఆ 400 మంది మరల లభించలేదు. పౌరుల సంఖ్య తగ్గిపోయినందున ఆ నగరం ఒక్క దెబ్బకే కూలిందని అరిస్టాటిల్ అభిప్రాయపడ్డాడు. ఆ మరుసటి సంవత్సరపు శీతకాలంలో ఎపమినోండస్ సేనతో వెళ్లి, తరతరాలుగా స్పార్టాకు దాస్యం చేసిన మెస్సీనియా ప్రజలను విడిపించాడు.

ఓటమి వార్త అందిన దినం స్పార్టాలో ఉత్సవపు చివరి రోజు. గాయక బృందం ప్రదర్శన ఇస్తున్నది. అధికారులు దానిని ఆపలేదు. మృతుల పేర్లను వారి బంధువులకు తెలియజేసి, స్త్రీలు ఏడుపు వినిపించకుండా మౌనంగా భరించాలని ఆజ్ఞాపించారు. మరునాడు మృతుల బంధువులు వెలుగొందే ముఖాలతో వీథులలో తిరిగారనీ, బ్రతికినవారి బంధువులు తలలు వంచుకొని నడిచారనీ జెనోఫన్ వ్రాశాడు. ఆ మౌనాన్ని కొలిచే పాచిక ఏదీ లేదు.

తన ఆటను మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, నిజమైన యుద్ధం ఎంత తెలివితక్కువ పనో బోధపడుతుందని 1913లో వెల్స్ వ్రాశాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. యుద్ధక్రీడ యుద్ధాన్ని ఆపలేదు. కాని ఒక సేనాని నిర్ణయం వెనుక ఎంత సందిగ్ధత ఉంటుందో, ఒక చిన్న ఆలస్యానికి ఎందరు బలి కాగలరో అది చేతితో కదిపించి చూపుతుంది. బొమ్మను కదిపే చేయి ఒక్కక్షణం ఆగి, అది ఏబదిమంది మనుష్యులని తలచుకొన్నప్పుడే ఆ ఆట చరిత్ర పాఠమవుతుంది.

ప్రశ్నలు

1. చదరంగానికీ యుద్ధక్రీడకూ గల భేదాలను వివరించండి.
2. గ్రీకు సైన్యం నడకలో కుడివైపునకు ఎందుకు ఒరిగేది?
3. ఎపమినోండస్ వ్యూహంలోని లాభనష్టాలను బొమ్మల లెక్కతో నిరూపించండి.
4. యుద్ధక్రీడలో పాచిక దేనికి ప్రతినిధి?
5. "ఆ మౌనాన్ని కొలిచే పాచిక ఏదీ లేదు" – సందర్భం తెలిపి వ్యాఖ్యానించండి.