పరిశీలకుడికి నేల కనిపించని నిఘా విమానం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి విమానం పుట్టి పదకొండేళ్లు కూడా నిండలేదు. సైన్యాలు దాని నుంచి ప్రధానంగా ఆశించింది ఒక్కటే: పైనుంచి చూసి రావడం. అంతవరకు ఆ పని ఆశ్విక దళాలది. ఆ సెప్టెంబరు మొదట్లో, పారిస్ వైపు వస్తున్న జర్మన్ సేన పక్కకు తిరిగిందని ఫ్రెంచి, బ్రిటిష్ వైమానికులు గమనించారు. మార్న్ నది దగ్గర ఎదురుదాడికి ఆ సమాచారం ఎంతో తోడ్పడింది.

జర్మనీ తరఫున ఇదే పని చేసిన విమానాల్లో ఆల్బట్రాస్ బి-2 ఒకటి (నేటి అమెరికా బాంబర్ బి-2కూ దీనికీ సంబంధం లేదు). దీని రూపకర్తగా ఎర్నస్ట్ హైంకెల్ పేరు చెబుతారు. 1939లో ఎగిరిన మొట్టమొదటి టర్బోజెట్ విమానం కూడా ఆయన సంస్థ తయారు చేసిందే. బి-2కు ఇద్దరు పట్టే చోటు, 100 హార్స్ పవర్ ఇంజిన్, 12.8 మీటర్ల రెక్కలు ఉండేవి. వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటేది కాదు. ఆయుధం లేదు. జర్మన్ సైన్యం ‘బి’ తరగతి అన్నది ఆయుధాలు లేని, రెండు సీట్ల, జంటరెక్కల విమానాలనే.

జంటరెక్కలు ఎందుకంటే, తక్కువ వేగంతో టన్ను బరువును గాలిలో నిలపాలంటే రెక్కల వైశాల్యం ఎక్కువ కావాలి. కర్ర, గుడ్డలతో చేసిన ఒకే పొడవాటి రెక్క ఆ భారానికి వంగిపోతుంది. అదే వైశాల్యాన్ని రెండు అంతస్తులుగా విడదీసి, మధ్యలో గుంజలు నిలిపి, తీగలతో బిగిస్తే ఇనుప వంతెన చట్రంలా గట్టిపడుతుంది. ఆ తీగలు గాలికి అడ్డుపడి వేగాన్ని తగ్గిస్తాయి, కానీ 120 కిలోమీటర్ల వేగంలో ఆ నష్టాన్ని భరించవచ్చు.

చిత్రమంతా సీట్ల దగ్గరే ఉంది. పైలట్ వెనక కూర్చునేవాడు, చుట్టూ చూసి నమోదు చేయాల్సిన పరిశీలకుడు ముందు. అతని కిందే దిగువ రెక్క ఉండటంతో నేల సరిగా కనిపించదు, ఎదురుగా చూద్దామంటే పైకి పొడుచుకొచ్చిన ఇంజిన్ అడ్డం. చూడటానికే పంపిన మనిషిని చూపు ఆనని చోట కూర్చోబెట్టారన్నమాట!

దీనికి కారణం గరిమనాభి, అంటే విమానం బరువంతా కేంద్రీకృతమైనట్టు ప్రవర్తించే బిందువు. అది రెక్కలు కలిగించే ఉత్థాపక బలానికి దగ్గరలో ఉండాలి, లేకపోతే ముక్కు పైకి లేస్తుంది లేదా కిందికి వాలుతుంది. పైలట్ ఎప్పుడూ ఉంటాడు, రెండో మనిషి ఒక్కోసారి ఉండడు. 1,070 కిలోల విమానంలో 80 కిలోల మనిషి గరిమనాభికి 2 మీటర్ల వెనక ఉన్నాడనుకుందాం. అతను లేకుండా ఎగిరితే గరిమనాభి దాదాపు 16 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. రెండు మీటర్ల వెడల్పైనా లేని రెక్కకు ఇది చిన్న మార్పు కాదు. అదే మనిషి గరిమనాభి మీదే కూర్చుంటే, ఉన్నా లేకున్నా తూకం మారదు. రెక్కల మధ్య చోటు అతనికి దక్కింది అందుకే.

ఆ రోజుల్లో జర్మన్ వైమానికులు పైలట్‌ను ఎమిల్ అని, పరిశీలకుణ్ణి ఫ్రాంజ్ అని సరదాగా పిలిచేవారు. దారి చూపాల్సింది ఫ్రాంజే. దారి తప్పడాన్ని ఆ పేరుతోనే చెప్పే క్రియాపదం జర్మన్ భాషలో ఇప్పటికీ ఉంది.

శత్రు విమానాలు మెషిన్ గన్లతో రావడం మొదలయ్యాక ఈ ఏర్పాటు చెల్లలేదు. ముందు సీట్లోంచి ఎటు కాల్చినా ప్రొపెల్లరో, గుంజలో, తీగలో అడ్డు. వెనక నుంచి తరుముకొచ్చే విమానానికీ ఫ్రాంజ్‌కూ మధ్యలో సొంత పైలట్ తల. 1915లో వచ్చిన ఆల్బట్రాస్ సి-1లో సీట్లు తారుమారు చేశారు. పైలట్ ముందుకు వచ్చాడు, పరిశీలకుడు వెనక్కి వెళ్లి చుట్టూ తిప్పగలిగే మెషిన్ గన్ అందుకున్నాడు. ఇంజిన్ శక్తి కూడా 150-160 హార్స్ పవర్‌కు పెరిగింది కనుక తుపాకీ బరువును మోయగలిగింది.

బి-2 మాత్రం మూలపడలేదు. నెమ్మదిగా, నిలకడగా ఎగిరే ఆ విమానాన్ని శిక్షణకు మళ్లించారు. తర్వాతి రకంలో గురువుకూ శిష్యుడికీ విడివిడిగా నియంత్రణలు అమర్చారు. స్వీడన్‌లోనూ దాని నకళ్లు తయారయ్యాయి.