రన్నింగ్ బ్యాక్ వృత్తి జీవితం: బ్యారీ శాండర్స్ ఉదాహరణ

వృత్తి క్రీడాకారుడికీ జట్టు యాజమాన్యానికీ మధ్య ఒప్పందం ఉంటుందని మీకు తెలుసు. అది ఒక ఆటగాడి జీవితంలో ఎలా పనిచేస్తుందో అమెరికన్ ఫుట్‌బాల్‌లోని రన్నింగ్ బ్యాక్ స్థానాన్ని తీసుకుని పరిశీలిద్దాం.

ఇది మనకు పరిచయమైన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఎదుటి జట్టు గీత దాకా తీసుకువెళ్ళాలి. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగితేనే బంతి తమ దగ్గర నిలుస్తుంది. దాన్ని చంకలో ఇరికించుకుని ప్రత్యర్థుల మధ్య నుంచి పరిగెత్తేవాడే రన్నింగ్ బ్యాక్. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడిని పట్టేసినట్లే ఇతడినీ పట్టి పడేస్తారు. కాకపోతే పట్టేవారిలో చాలామంది వంద కిలోలు దాటినవారు, పూర్తి వేగంతో వచ్చి ఢీకొంటారు. ఎన్ని గజాలు పరిగెత్తాడన్నది రికార్డులకెక్కుతుంది. ఎన్ని దెబ్బలు తిన్నాడన్నది ఎక్కదు.

అందుకే ఈ స్థానంలో పనికాలం తక్కువ. డెన్వర్ ఆటగాడు టెరెల్ డేవిస్ 1998లో 2,008 గజాలు పరిగెత్తాడు. మరుసటి ఏడాది నాలుగో మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్లు తెగాయి. 1999 నుంచి 2001 వరకు మూడు సీజన్లలో అతడు ఆడగలిగినవి 17 మ్యాచ్‌లే.

బ్యారీ శాండర్స్ కథ వేరు. అతడు 1968లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో పుట్టాడు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, అంటే ఈ ఆటకు పొట్టివాడే. 1989లో డెట్రాయిట్ లయన్స్ జట్టులో చేరాడు. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో, పరుగులో లీగ్ అగ్రస్థానానికి 10 గజాల దూరంలో ఉండగా, మళ్ళీ మైదానంలోకి వెళ్తావా అని కోచ్ అడిగాడు. గెలుపు ఖాయమైంది కాబట్టి అక్కరలేదన్నాడు. పదేళ్ళ తరువాత జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ చిన్న సంఘటన పనికివస్తుంది.

ఆ పదేళ్ళలో అతడు వెయ్యి గజాలు దాటని సీజన్ లేదు. 1997లో 2,053 గజాలు పరిగెత్తాడు. రెండు వేల గజాలు దాటిన మ్యాచ్‌లోనే సహ ఆటగాడు రెజీ బ్రౌన్ వెన్నుకు దెబ్బ తగిలి కదలిక లేకుండా పడిపోయాడు, మైదానంలోనే కృత్రిమ శ్వాస ఇవ్వవలసి వచ్చింది. బ్రౌన్ తరువాత నడవగలిగాడు గానీ ఆటకు తిరిగి రాలేదు.

1998 ముగిసేనాటికి శాండర్స్ మొత్తం 15,269 గజాలు. వాల్టర్ పేటన్ రికార్డు 16,726. తేడా 1,457 గజాలు. ఆ ఏడాది శాండర్స్ పరిగెత్తినవి 1,491, అంటే ఒక్క సీజన్ పని మాత్రమే మిగిలింది. 1999 జూలైలో, 31 ఏళ్ళ వయసులో, సొంత ఊరి పత్రికకు ఫ్యాక్స్‌లో ఉత్తరం పంపి ఆట మానేశాడు. విలేకరుల సమావేశం కూడా పెట్టలేదు. జట్టు ఎప్పటికీ గెలిచే దారిలో పడదన్న నిరాశే కారణమని 2003లో ఆత్మకథలో వివరించాడు. పదేళ్ళలో ఆ జట్టు నెగ్గిన ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటే.

ఇక్కడ ఒప్పందం అడ్డుపడింది. 1997లో అతడు ఆరేళ్ళ ఒప్పందంపై సంతకం చేసి, 1.1 కోట్ల డాలర్ల బోనస్ పొందాడు. బోనస్ ముందే చేతికి వచ్చినా అది ఆరేళ్ళ సేవకు ఇచ్చినదే. మధ్యలో మానేశాడు కనుక 55 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వాలని యాజమాన్యం కోరింది. తనను వదిలేస్తే గానీ, మరో జట్టుకు మార్చితే గానీ ఇస్తానన్నాడు. యాజమాన్యం ఒప్పుకోలేదు. అంటే అతడు పని మానుకోగలడు, యజమానిని మార్చుకోలేడు. అదే యాజమాన్యం తలచుకుంటే ఆటగాణ్ణి ఒప్పందం మధ్యలో తొలగించగలదు, మిగిలిన ఏళ్ళ జీతానికి చాలా సందర్భాల్లో హామీ ఉండదు. ఈ అసమానతే ఈ ఉదాహరణలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

2000 ఫిబ్రవరిలో మధ్యవర్తి తీర్పు చెప్పాడు: 18.3 లక్షల డాలర్లకు పైగా వెంటనే చెల్లించాలి. మిగతాది, ఆటకు దూరంగా ఉన్నంతకాలం ఏటా విడతలుగా ఇవ్వాలి. 1.1 కోట్లను ఆరుతో భాగించి చూడండి, ఆ మొత్తం ఎలా వచ్చిందో తెలుస్తుంది. శాండర్స్ మళ్ళీ ఆడలేదు. పేటన్ రికార్డును 2002లో ఎమిట్ స్మిత్ దాటాడు.