చెత్తబుట్టలోని సూది

తిరుపతి, చిత్తూరు పట్టణములలోని చిన్న నర్సింగు హోములకు మనము రోగులుగనో, బంధువులుగనో పోవుదుము. అచట చెత్త యెత్తు ఆయాను గమనింపము. రోగికి సూది వేసినది నర్సు. మరునాడు సంచిలో అది గ్రుచ్చుకొనునది ఆయా చేతికి.

2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములు పడకల లెక్క చూడవు. సూదులను చిల్లుపడని తెల్లడబ్బాలో వేయవలయును. పనివారందరికి హెపటైటిస్-బి, ధనుర్వాతపు టీకాలు వేయించి, ఏటేటా ఆరోగ్యపరీక్ష జరిపింపవలయును. జీతముల పట్టీలో నున్న ఆయా పేరు టీకాల పట్టీలో నున్నదా యని మేమడుగుచున్నాము.

సూది గ్రుచ్చుకొన్నచో గాయమును పిండరాదు. సబ్బుతో, నీటితో కడుగవలయును. హెచ్.ఐ.వి. నివారణ మందు రెండు గంటలలో ఆరంభించుట మేలు. 72 గంటలు దాటనీయరాదు. అర్ధరాత్రివేళ ఎవరిని లేపవలయునో, మందెచట దొరకునో ఆయాకు ముందే చెప్పియుంచవలయును.