అక్షరం వచ్చు, చేయి సాగదు

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో తెలుగు చదువుకునే మన పిల్లలు మూడు లిపులు రాయాలి. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది, ఇంగ్లీషు ఎలాగూ ఉంది. అందుకే మూడో తరగతి బిడ్డ రాతలో వెనకబడితే బడిలో వెంటనే వినిపించే మాట, "మూడు భాషలు కదా, తికమకపడుతున్నాడు" అని. చాలాసార్లు అది నిజమే. తమిళ పుళ్ళి పైన పెట్టీ పెట్టీ తెలుగు వత్తు దగ్గర తడబడితే అది లిపి తికమక, రాయగా రాయగా సర్దుకుంటుంది. పాఠం నోటితో గడగడా అప్పజెప్పి, రాయమంటే మాత్రం మూడు లిపుల్లోనూ చేయి నొప్పి అనే బిడ్డ సంగతి వేరు. వాడు చొక్కా బొత్తాలు పెట్టుకోగలడా, ఒలకబోయకుండా అన్నం తినగలడా అని అమ్మను అడగండి. అక్కడా ఇబ్బందే అయితే ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించాలి.

ఈ పేరు వినగానే ఉద్యోగానికి సంబంధించిందేమో అనుకుంటారు. తినడం, బట్టలు తొడుక్కోవడం, ఆడుకోవడం, రాయడం, ఇవే బిడ్డకు రోజువారీ పనులు. వాటిని బిడ్డ తనంతట తాను చేసుకునేలా నేర్పేదే ఈ థెరపీ. గంట మోగితే చెవులు మూసుకునే పిల్లలకూ, బెంచీమీద నిలకడగా కూర్చోలేని పిల్లలకూ ఇది పనికొస్తుంది. మన దేశంలో దీనికి తొలి బడిని కమలా నింబ్కర్ 1950లో ముంబయిలో ప్రారంభించారు. ఇంట్లో చేయించమనే పనులు మనకు కొత్తవేం కావు: పిండి పిసకడం, పూసలు గుచ్చడం, కనకాంబరాలు మాల కట్టడం. ఏ బిడ్డకు ఏది, ఎంతసేపు అన్నది మాత్రం చదివినవారే చెప్పాలి.

ఆ చదువు బి.ఓ.టి. డిగ్రీ. థెరపీ సెంటర్ బోర్డు చూసి ఆగిపోకండి. లోపల బిడ్డను పట్టుకుని పని చేయించేది ఎవరు, వారి డిగ్రీ ఏమిటి అని అడగండి. అడగడం అమర్యాదేమీ కాదు. కొందరు పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., నంబరు చూపిస్తారు. అది స్పెషల్ టీచర్లకూ స్పీచ్ థెరపిస్టులకూ ఇచ్చేది, ఆక్యుపేషనల్ థెరపీకి రుజువు కాదు. 1952 నుంచి ఉన్న అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘంలో సభ్యత్వం ఉందేమో కనుక్కోండి.

ఖర్చు లేని దారి బడిలోనే మొదలవుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఆర్.బి.ఎస్.కె. వైద్య బృందం వస్తుంది. ఆ రోజు ఉపాధ్యాయులు బిడ్డ పేరు చెబితే జిల్లా కేంద్రానికి రాసిస్తారు. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి పిల్లల విభాగంలో నేరుగా చూపించినా సరే. అక్కడ తేలకపోతే కృష్ణగిరి మీదుగా వేలూరు సి.ఎం.సి.కి వెళ్లవచ్చు.

ఒక్కటి మరువకండి. ఇంట్లో తెలుగు తప్ప వినని అయిదేళ్ల బిడ్డను తమిళంలో "ఇది చెయ్యి" అంటే, మాట అర్థంకాక ఊరుకుంటుంది. చేయలేదని రాసేసుకునే ప్రమాదం ఉంది. అమ్మనో నాన్ననో పక్కనుండి తెలుగులో చెప్పనివ్వమని అడగండి. వెళ్లేటప్పుడు మూడు భాషల నోటు పుస్తకాలూ వెంట తీసుకెళ్లండి.