బాలామృతం 100 గ్రాములంటే మీ గ్లాసుతో ఎంత?

తెలంగాణలో 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రంలో నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజుల లెక్క అది. కానీ మన ఇళ్లలో త్రాసు ఉండదు, గ్లాసే ఉంటుంది. సోల బియ్యం, సోల పిండి ఒకే బరువు తూగవు కదా! పిండి తేలిక. బియ్యం అంచనాతో తీస్తే బిడ్డకు తక్కువే పడుతుంది.

త్రాసు లేకుండానే తెలుసుకోవచ్చు. కొత్త ప్యాకెట్ విప్పి పొడి డబ్బాలో పోసేటప్పుడు ఒకే గ్లాసుతో కొలిచి పోస్తూ లెక్కపెట్టండి. గ్లాసు నిండాక చెంచా కాడతో పైన సమంగా గీయండి. కుదిపి, నొక్కి నింపొద్దు. అట్ల చేస్తే అదే గ్లాసులో ఎక్కువ పిండి పట్టి లెక్క తప్పుతుంది.

మొత్తం 25 గ్లాసులు వస్తే రోజుకు ఒక గ్లాసు. 20 వస్తే గ్లాసుకు 125 గ్రాములు, అంటే రోజుకు గ్లాసులో ఐదో వంతు తగ్గించి తీయాలి. పన్నెండున్నర వస్తే అర గ్లాసు చాలు. ఆ గ్లాసు మార్చొద్దు.

100 గ్రాములూ ఒక్కసారే తినిపించాలని కాదు. ఏడాది లోపు బిడ్డ అంత తినలేదు; మూడు నాలుగు సార్లుగా పెట్టండి. తల్లిపాలు ఆపొద్దు.

డబ్బా పది రోజులకే ఖాళీ అవుతోందా? తియ్యగా ఉంటుంది కాబట్టి పెద్ద పిల్లలూ అడుగుతారు, మనమూ పెడతాం. కోత పడేది మాత్రం చిన్న బిడ్డకే. నెలాఖరుకు సగం మిగిలితే బిడ్డ తినడం లేదన్నమాట. బరువు చూసే రోజు దాకా ఆగకుండా అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి.