బొమ్మలో బిల్లీ, అక్షరాల్లో పిల్లి

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పసివారు బొమ్మల పుస్తకంలో ‘పిల్లి’ అన్న పదాన్ని ‘బిల్లీ’ అని చదివితే మనం వెంటనే తప్పు పడతాం. నిజానికి వారు అర్థాన్ని సరిగానే గ్రహించారు. బొమ్మ ఆధారంగా మాటను ఊహించడం చదువుకు తొలిమెట్టు. ‘అవును, బిల్లీయే, తెలుగులో పిల్లి అంటాం’ అంటూ అక్షరాల కింద వేలు నడిపితే చాలు.

పేజీకొక జంతువు, దాని కింద ఒక చిన్న వాక్యం ఉన్న పుస్తకాలు ఇందుకు అనువైనవి. పిల్లి, కుక్క, కప్ప, ఎద్దు వంటి పేర్లన్నింటిలోనూ వత్తులున్నాయి. పలకపై తికమకపెట్టే వత్తు, తెలిసిన జంతువు పేరులో కనిపిస్తే సులువుగా గుర్తుంటుంది.

అదే పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదవమన్నా విసుక్కోరాదు. కంఠస్థమైన వాక్యంలోనే అక్షరాలు పరిచయమవుతాయి. మందలింపుకు జడిసిన బిడ్డ పుస్తకాన్ని మూసేస్తుంది. కనుక రోజూ పది నిమిషాలు తప్పులెంచకుండా పక్కన కూర్చుందాం.